కెర్నెలు మరణ వాఙ్మూలము: దానిని ఎంతవరకు నమ్మవచ్చును?

హరికథ చెప్పు భాగవతారు ప్రధాన కథను ఒకచోట ఆపి పిట్టకథలోనికి పోవును. ఆ పిట్టకథలో మరియొక చిన్న కథ తగులవచ్చును. చిన్న కథ ముగియగానే పిట్టకథకు, పిట్టకథ ముగియగానే ప్రధాన కథకు, సరిగా ఆపినచోటికే తిరిగి వచ్చుట ఆయన నేర్పు. ఆ సమయమున ఆయన మనస్సులో నుండునది తాను చెప్పిన కథల జాబితా కాదు. ఇంకను పూర్తిచేయవలసిన కథల జాబితా. ఈ రెండింటికిని గల భేదము అల్పముగా తోచును. కాని కంప్యూటరు కెర్నెలు పతనమగునపుడు వ్రాసిపోవు పంక్తులను చదువువారు తరచుగా పొరపడునది ఈ భేదము వద్దనే.

కెర్నెలు అనగా ఆపరేటింగ్ సిస్టములో యంత్రమునకు మిక్కిలి సన్నిహితముగా నుండి, మెమరీని, డిస్కును, నెట్‌వర్కును, తక్కిన ప్రోగ్రాములన్నింటిని అదుపులో నుంచు భాగము. లినక్సు కెర్నెలులో తీవ్రమైన దోషము సంభవించినపుడు అది ఒక నివేదికను వెలువరించును. ఆ నివేదికలో రిజిస్టర్ల విలువల తరువాత "కాల్ ట్రేస్" అను శీర్షిక క్రింద కొన్ని ఫంక్షన్ల పేర్లు ఒకదాని క్రింద ఒకటి ఉండును. దీనిని మరణ వాఙ్మూలము అనవచ్చును. న్యాయస్థానములో మరణ వాఙ్మూలమునకు గౌరవమెక్కువ. అయినను దానిని నమోదు చేసినవారెవరు, ఏ పద్ధతిలో నమోదు చేసిరి అను ప్రశ్నలు తప్పవు. కెర్నెలు వాఙ్మూలమునకు కూడ ఆ ప్రశ్నలే వేయవలసియున్నది.

ముందుగా అది దేని మీద వ్రాయబడినదో చూడవలెను. ఒక ఫంక్షను మరియొక ఫంక్షనును పిలిచినపుడు, పని ముగిసిన పిదప ఎచ్చటికి తిరిగి రావలెనో ఆ చిరునామాను ప్రాసెసరు మెమరీలో ఒకచోట దాచును. ఇట్లు దాచిన చిరునామాలు కుండల దొంతివలె ఒకదానిపై నొకటి పేరుకొనును. కడపట ఉంచినది మొదట తీయబడును. దీనినే స్టాకు అందురు. తెలుగులో దొంతి అన్నను చెల్లును. ఇంటెల్ జాతి 64 బిట్ల యంత్రములలో ఈ దొంతి తలక్రిందుగా, పెద్ద చిరునామాల నుండి చిన్న చిరునామాల వైపు పెరుగును. అట్టి యంత్రములపై లినక్సు కెర్నెలులో ఒక్కొక్క పనికి లభించు దొంతి 16 కిలోబైట్లు మాత్రమే. 2014 వరకు అది 8 కిలోబైట్లే.

ఈ ఏర్పాటు మొదటినుండియు ఉన్నది కాదు. 1945 చివర తన యంత్రమునకై వ్రాసిన ప్రణాళికలో ఆలన్ ట్యూరింగ్ తిరుగు చిరునామాలను పాతిపెట్టుట, త్రవ్వి తీయుట అను మాటలతో ఈ భావమును సూచించెను. కేంబ్రిడ్జిలోని ఎడ్సాక్ యంత్రముపై డేవిడ్ వీలరు అనుసరించిన మార్గము వేరు: పిలువబడిన ఉపప్రోగ్రాము తన చివరి ఆదేశమును తానే దిద్దుకొని, దానిలో తిరుగుదారిని వ్రాసికొనెడిది. ఉపాయము ముచ్చటైనదే. కాని దారి వ్రాసికొనుటకు ఉన్నది ఒకే స్థలము గనుక ఆ ఉపప్రోగ్రాము తనను తాను పిలుచుకొనజాలదు. జర్మనీలో బవరు, సామెల్‌సను 1957లో దొంతి పద్ధతికి పేటెంటు కోరిరి.

పాఠ్యపుస్తకములు దొంతిని పళ్ళెముల దొంతితో పోల్చును. ఈ పోలికలో ఒక లోపమున్నది. పళ్ళెమును తీసినచో అది అచ్చట ఉండదు. కంప్యూటరు దొంతిలో తీయుట యనగా "ఇంతవరకే దొంతి" అని తెలుపు గుర్తును జరుపుట మాత్రమే. పాత అంకెలు అట్లే పడియుండును. పై తరగతి ఉపాధ్యాయుడు చెరపకుండ విడిచిపోయిన నల్లబల్లపై తరువాతి ఉపాధ్యాయుడు వ్రాసినట్లుండును ఇది. క్రొత్తగా వచ్చిన ఫంక్షను తనకై కొంత స్థలము కేటాయించుకొని అందులో అన్ని గడులను నింపకపోవచ్చును. ఆ ఖాళీ గడులలో వెనుకటి పాఠపు ముక్కలు మిగిలియుండును.

దొంతిని చదువు పద్ధతులలో అత్యంత స్థూలమైనది ఈ బల్లనంతటిని వెదకుట. దొంతిలోని ప్రతి గడిని చూచి, అందలి అంకె కెర్నెలు కోడు చిరునామావలె నున్నచో దానికి తగిన ఫంక్షను పేరు అచ్చువేయుట. ఇందులో నిజమైన పేర్లు అన్నియు వచ్చును. చచ్చిన పేర్లు కూడ వచ్చును. లినక్సు నివేదికలలో కొన్ని పేర్లకు ముందు ప్రశ్నార్థకపు గుర్తు కనబడుట పాఠకులు గమనింపవచ్చును. ఇది దొంతిలో కనబడినదే గాని వరుసలో నిజముగా నున్నట్లు రుజువు కాలేదని దాని యర్థము. తెలియనిదానిని తెలియదని అచ్చులోనే ఒప్పుకొనుట మంచి సంప్రదాయము. ఆ గుర్తును చూడక, పేర్లన్నింటిని ఒకే విలువతో చదువువారిదే తప్పు.

ఇంతకంటె క్రమమైనది ఫ్రేం పాయింటరు పద్ధతి. ప్రతి ఫంక్షను ప్రారంభములో, తన్ను పిలిచినవాని స్థానమును తెలుపు గుర్తును దొంతిలో దాచి, తన స్థానమును ఒక ప్రత్యేక రిజిస్టరులో ఉంచును. దాచిన ప్రతి గుర్తు దానికి ముందటి గుర్తును చూపును గనుక గొలుసు పట్టుకొని పోయినట్లు పోవచ్చును. ప్రతి కొక్కెము ప్రక్కనే తిరుగు చిరునామా దొరకును. చదువుట అతి సులభము. కాని ఈ సౌకర్యమునకు వెల చెల్లించునది చదువువాడు కాదు, నిరంతరము పనిచేయుచున్న కెర్నెలు. ఎన్నడో ఒకనాడు రాబోవు మరణమునకై ప్రతి ఫంక్షనును ప్రతిసారి రెండు మూడు ఆదేశములు అదనముగా నడుపవలెను. పదునారు సాధారణ రిజిస్టర్లలో ఒకటి వదలుకొనవలెను. కెర్నెలు పత్రములలో ఇచ్చిన లెక్కప్రకారము కోడు పరిమాణము సుమారు 3.2 శాతము పెరుగును. మెల్ గోర్మను కొలతలలో కొన్ని రకముల పనులు 5 నుండి 10 శాతము మందగించినవి. ఇది చిన్న సుంకము కాదు.

అంత సుంకము కట్టినను సాక్ష్యము సంపూర్ణము కాదు. ఒక ఫంక్షను ఇప్పుడే మొదలై, గుర్తును ఇంకను దాచకమునుపే ఇంటరప్టు వచ్చెననుకొందురు. రిజిస్టరులో ఉన్నది ఇంకను పిలిచినవాని గుర్తే. గొలుసు పట్టి పోవునది ఆ గుర్తు ప్రక్కనున్న తిరుగు చిరునామాను తీసికొనును. అది పిలిచినవానిని పిలిచినవానిది. నడుమనున్నవాని పేరు జారిపోవును. జారినదను సూచన కూడ ఉండదు.

మూడవ మార్గము కోడును తాకకుండ వేరుగ ఒక పట్టిక ఉంచుకొనుట. కోడులో ఏ చిరునామా వద్ద నున్నపుడు దొంతిలో తిరుగు చిరునామా ఎంత దూరమున నుండునో కంపైలరుకు ముందే తెలియును. ఈ సమాచారమును డ్వార్ఫ్ అను రూపములో వ్రాయుట అదివరకే ఆచారములో నున్నది. దానిని చదువు అన్‌వైండరు 2006లో లినక్సులో చేర్చబడెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే లీనస్ టోర్వాల్డ్స్ దానిని తొలగించెను. తరువాతి కాలములో దానిని తిరిగి తేవలెనను ప్రయత్నములను కూడ ఆయన అంగీకరింపలేదు. ఈ నిర్ణయము కఠినమని అప్పుడు తోచినవారుండవచ్చును, గాని అది సరియైనదే. డ్వార్ఫ్ కేవలము పట్టిక కాదు. అందులో చిన్న గణిత భాషయే యున్నది, దానిని నడుపుటకు మరియొక చిన్న దొంతి కావలెను. కెర్నెలులో చేతితో వ్రాసిన అసెంబ్లీ భాగములకు ఈ సమాచారమును మనుష్యులే చేర్చవలసియుండెను, అందుచేత అందులో తప్పులు దొర్లెను. వాఙ్మూలము నమోదు చేయునది పిలువబడునది మరణశయ్య ప్రక్కకు. అప్పటికే మెమరీ చెడియుండవచ్చును, గుర్తులు తప్పియుండవచ్చును. అట్టిచోట, అంతయు సవ్యముగా నున్నదని నమ్మి చిక్కు లెక్కలు వేయు వ్రాయసగాడు తానే కుప్పకూలినచో మొదటి మరణపు కారణము కూడ దక్కదు. ఆనాడు జరిగినది అదియే.

2017 నవంబరులో వెలువడిన 4.14 లినక్సులో జోష్ పోయింబోఫ్ రచించిన ఆర్క్ అన్‌వైండరు వచ్చెను. పేరులో ఒక చమత్కారమున్నది. ఎల్ఫ్ అనునది ప్రోగ్రాము ఫైళ్ళ రూపము, డ్వార్ఫ్ దాని తోడు. రెండును ఐరోపా జానపద గాథలలోని జీవుల పేర్లు. మరుగుజ్జులైన డ్వార్ఫులకు ఆజన్మ శత్రువులు ఆర్కులు. హాస్యము నటుంచి, దీని గుణమును ఒక లెక్కతో చూచుట మేలు.

ఒక ఫంక్షను 1000 వ చిరునామా వద్ద మొదలగును. దాని మొదటి ఆదేశము ఒక రిజిస్టరును దొంతిలో దాచును. ఆదేశపు నిడివి 1 బైటు, దాచిన విలువ 8 బైట్లు. రెండవ ఆదేశము 1001 వద్ద. అది 4 బైట్ల నిడివి గలది, దొంతిలో 40 బైట్ల స్థలము కేటాయించును. 1005 నుండి అసలు పని. దీనికి ఆర్క్ పట్టికలో మూడు వరుసలు: 1000 నుండి దూరము 8, 1001 నుండి దూరము 16, 1005 నుండి దూరము 56. కెర్నెలు 1040 వద్ద పతనమైనది, దొంతి గుర్తు 7000 చూపుచున్నది. 1040 మూడవ వరుసకు చెందును. 7000కు 56 కలిపిన 7056. అది పిలిచినవాడు తిరిగి నడుచునపుడు ఉండబోవు దొంతి గుర్తు. దానికి 8 తక్కువగా, 7048 వద్ద, తిరుగు చిరునామా ఉన్నది. ఆ చిరునామాతో మరల పట్టికను చూచి, 7056 నుండి మరల కూడవలెను. ఇంతే. పట్టికను వెదకుట, ఒక కూడిక, ఒక గడి చదువుట. ఫంక్షను నడుమ ఎచ్చట ఇంటరప్టు వచ్చినను ఆ చోటికి తగిన వరుస ఉన్నది గనుక ఫ్రేం పాయింటరు జారవిడిచిన పేరు ఇందు జారదు. ఉన్నత పాఠశాల విద్యార్థి కాగితముపై ఈ లెక్కను చేయగలడు; ఇట్టి లెక్కలు చేయు కోడు మరణశయ్య వద్ద తడబడుటకు అవకాశములు తక్కువ.

ఒక్కొక్క వరుసకు 10 బైట్లు పట్టును. పట్టికలన్నియు కలిసి కెర్నెలు కూర్పును బట్టి 2 నుండి 4 మెగాబైట్లు. అదే సమాచారమును డ్వార్ఫ్ రూపములో ఉంచినదానికంటె సుమారు ఒకటిన్నర రెట్లు. స్థలమును ఎక్కువ వాడి సరళతను కొనిరి. వేగము చూచినచో, జిరీ స్లాబీ చేసిన కొలతలో ఆర్క్, కెర్నెలు బయట నుండిన ఒక డ్వార్ఫ్ అన్‌వైండరు కంటె 20 రెట్లు వేగవంతము. ఆ పత్రమే తన వెల ఇంత, తన లాభ మింత అని అంకెలతో చెప్పుట ప్రశంసనీయము. సాంకేతిక పత్రములలో తమ లోపములను తామే లెక్కకట్టునవి అరుదు.

ఇక దోషములు. ఆర్క్ పట్టికను తయారుచేయునది కంపైలరు కాదు. కంపైలరు పని ముగించిన పిదప, ఆబ్జ్‌టూల్ అను మరియొక పనిముట్టు తయారైన యంత్రభాషను ఆదేశము తరువాత ఆదేశముగా చదివి, ప్రతి దారి వెంబడి నడిచి, దొంతి ఎచ్చట ఎంత పెరిగెనో తిరిగి కనుగొనును. చేతితో వ్రాసిన అసెంబ్లీకి కూడ ఇది చాలవరకు వర్తించును గనుక 2006 నాటి తప్పులకు ఇది మందే. కాని కంపైలరుకు తెలిసియున్న విషయమును పారవేసి, దాని ఫలితమును చూచి మరల ఊహించుట విచిత్రమైన మార్గము. వండినవానిని అడుగక, రుచి చూచి దినుసులు చెప్పినట్లు. వంట పద్ధతి మారినపుడెల్ల నాలుకకు క్రొత్త శిక్షణ కావలెను. 2018లో జీసీసీ 8వ కూర్పు అరుదుగా నడుచు కోడును ఫంక్షను నుండి విడదీసి వేరుచోట ఉంచసాగినపుడు ఆబ్జ్‌టూల్‌ను సవరింపవలసి వచ్చెను. ఆర్క్ ఇతర యంత్రములకు మెల్లగా ప్రాకుటకు ఒక కారణ మిదియే. లూంగ్‌ఆర్క్ యంత్రములకు అది 2024లో వచ్చినది. 64 బిట్ల ఆర్మ్ యంత్రములపై కెర్నెలు ఫ్రేం పాయింటరు గొలుసునే నిలుపుకొనెను.

రెండవ దోషము సూక్ష్మమైనది, ఎక్కువ చర్చింపదగినది. దీనికి మరల భాగవతారు వద్దకు పోవలెను. ప్రధాన కథలో చెప్పవలసినదంతయు అయిపోయి, కడపట ఒక పిట్టకథతో ముగింపదలచినచో, ఆయన ఆ ప్రధాన కథను మనస్సులో నిలుపుకొననక్కరలేదు. తిరిగి వచ్చి చేయునది ఏమియు లేదు. కంపైలరును ఇట్లే చేయును. క అను ఫంక్షను ఖను పిలిచినది. ఖ చేయు చివరి పని గను పిలుచుటయే. అప్పుడు కంపైలరు ఖ లోని పిలుపును మార్చి, తిరుగు చిరునామా దాచకుండ గ లోనికి నేరుగా దూకునట్లు చేయవచ్చును. గ ముగిసిన తరువాత నియంత్రణ సరాసరి క వద్దకు పోవును. గ లో పతనము సంభవించినచో దొంతిలో ఉన్నది క మాత్రమే. ఏ అన్‌వైండరైనను, ఎంత నిర్దుష్టమైనదైనను, గ, క అని మాత్రమే చెప్పగలదు. ఖ పేరు ఎచ్చటను లేదు.

గమనింపదగిన సంగతి యేమనగా, ఫ్రేం పాయింటర్లతో కెర్నెలును నిర్మించునపుడు నిర్మాణ సూత్రములే ఈ దూకుడును నిషేధించును. ఆర్క్‌తో నిర్మించునపుడు ఆ నిషేధము ఉండదు. కనుక వేగమునకై ఫ్రేం పాయింటరును విడిచిన కెర్నెలు, ఇంటరప్టు వద్ద జారు పేరును కాపాడుకొని, చివరి పిలుపు వద్ద మరియొక పేరును పోగొట్టుకొనుచున్నది. దీనిని ఆర్క్ తప్పు అనుట న్యాయము కాదు. అది దొంతిలో నున్నదానిని ఉన్నట్లు చదువును. తప్పు శీర్షికది. "కాల్ ట్రేస్" అనగా పిలుపుల జాడ అని అర్థము. అచ్చు పడునది మాత్రము తిరుగుదారుల జాడ.

ఈ భేదము మాటల పట్టింపు కాదనుటకు అన్‌వైండరు కోడులోనే ఒక నిదర్శనమున్నది. కొన్ని ఫంక్షన్లు పిలిచిన తరువాత తిరిగి రానివి; పతనమును ప్రకటించునవి అట్టివే. అట్టి పిలుపు ఒక ఫంక్షనులో కట్టకడపటి ఆదేశము కావచ్చును. ప్రాసెసరు దాచు తిరుగు చిరునామా ఎల్లప్పుడును పిలుపు తరువాతి ఆదేశమునది. ఇక్కడ తరువాతి ఆదేశము ఈ ఫంక్షనులోనే లేదు, ప్రక్క ఫంక్షను మొదటిది! ఉన్నదున్నట్లు వెదకినచో సంబంధము లేని పొరుగువాని వరుస దొరకును. అందుచేత ఆర్క్ అన్‌వైండరు తిరుగు చిరునామా నుండి 1 తీసివేసి పట్టికను వెదకును. ఇంటరప్టు ఆపిన చిరునామా విషయములో మాత్రము తీసివేయదు. ఏలనగా అది నిజముగా నిలిచిన చోటే గాని పోవలసిన చోటు కాదు. ఒకటి తీసివేయుట అను ఈ అల్పమైన ఉపాయములో, దొంతి వచ్చిన దారిని గాక పోవు దారిని చెప్పునను సంగతి అంతయు ఇమిడియున్నది.

వాఙ్మూలమును చదువునది మనుష్యుడైనంత కాలము ఇట్టి లోపములు సహింపదగినవే. అనుభవజ్ఞుడు పేరు జారినచోటును మూలము చూచి పూరించుకొనును. కాని 2015లో 4.0 కూర్పుతో కెర్నెలు నడుచుచుండగనే అతుకు వేయు పద్ధతి లినక్సులో చేరెను. దోషము గల ఫంక్షనుకు బదులు క్రొత్తదానిని, యంత్రమును ఆపకుండ, నిలుపుట దీని ఉద్దేశము. 2017లోని 4.12 కూర్పు నుండి, నిద్రించుచున్న ప్రతి పని యొక్క దొంతిని విప్పి, మార్పబడు ఫంక్షను అందున్నదా లేదా అని చూచి, లేనిచో ఆ పనిని క్రొత్త కోడుకు మార్చుదురు. ఉన్నచో ఆగి మరల చూతురు. ఇచ్చట సాక్ష్యమును చదువునది యంత్రమే, వెంటనే తీర్పు చెప్పునదియు యంత్రమే. దొంతిలో నున్న పాత ఫంక్షను పేరు జారినచో, సగము పాత నియమము సగము క్రొత్త నియమము కలిసి, బాగుగ నడుచుచున్న యంత్రము కూలవచ్చును. అందువలన ఈ పనికి వేరుగ నమ్మదగిన అన్‌వైండింగును ఏర్పరచిరి. దాని ప్రత్యేకత, ఏ మాత్రము సందేహము కలిగినను ఊహింపక విఫలమైనట్లు చెప్పుట. ప్రశ్నార్థకపు గుర్తులకు ఇందు తావు లేదు. ఆర్క్‌తో ఇది 2018లోని 4.18 నుండి సాధ్యమైనది. చివరి పిలుపులో మాయమైన ఖ వలన ఇచ్చట ప్రమాదము లేదనుట విశేషము: ఖ లోనికి ఎవ్వరును తిరిగి రారు గనుక దానిని మార్చినను బాధ లేదు. పిలుపుల జాడగా లోపభూయిష్టమైనది తిరుగుదారుల జాడగా సంపూర్ణముగా సరిపోయినది.

నిజముగా ఏ ఫంక్షను ఎప్పుడు పిలువబడెనో తెలిసికొనవలెనన్నచో దొంతిని గాక ఎఫ్‌ట్రేసును అడుగవలెను. స్టీవెన్ రోస్టెడ్ రచించిన ఇది 2008లో 2.6.27 కూర్పుతో వచ్చినది. 64 బిట్ల ఇంటెల్ యంత్రములపై ఇంచుమించు ప్రతి ఫంక్షను మొదట 5 బైట్ల స్థలములో ఏ పనియు చేయని ఆదేశముంచబడును. జాడ తీయవలసినపుడు దానిని నమోదు చేయు పిలుపుగా మార్చుదురు. అక్కరలేనపుడు ఖర్చు దాదాపు శూన్యము. ఇందులో ఫంక్షన్ల రాకపోకలు రెండింటిని నమోదు చేయు విధానము మరియొకటి కలదు; అది దొంతిలోని తిరుగు చిరునామానే తీసి, తన చిరునామాను పెట్టి, అసలుదానిని వేరుచోట దాచును. ఆ సమయమున దొంతిని అమాయకముగా చదివినచో ప్రతి వరుసలోను ఒకే పేరు కనబడును. కనుక అన్‌వైండరు ఆ దాచినచోటును అడిగి తెలిసికొనవలెను. సాక్షులు ఒకరి కాగితములు ఒకరు దిద్దుచున్నప్పుడు వారిద్దరికిని ఒప్పందము ఉండకతప్పదు.

పై ఉదాహరణనే ఎఫ్‌ట్రేసు సాధారణ విధానములో చూచినచో రెండు పంక్తులు వచ్చును. మొదటిది: ఖ, పిలిచినది క. రెండవది: గ, పిలిచినది క. రెండవ పంక్తిలో పిలిచినవాని పేరు తప్పే; ఏలనగా ఎఫ్‌ట్రేసును ఆ పేరును దొంతి నుండియే తీసినది. కాని దానికి పైపంక్తిలో ఖ ఉన్నది.